పట్టాలు ఆగిపోయే చోట

గోదావరి ఎక్స్‌ప్రెస్ విశాఖపట్నంలో సాయంత్రం బయల్దేరి, రాత్రంతా నడిచి, తెల్లవారేసరికి హైదరాబాదు చేరుతుంది. సికింద్రాబాదులో బోగీలు సగానికి పైగా ఖాళీ అయిపోతాయి. మిగిలిన కొద్దిమంది దుప్పట్లు మడతపెట్టుకుని, మొహాలు తుడుచుకుని కిటికీల పక్కకు జరుగుతారు. బేగంపేట, ఖైరతాబాద్, లక్డీకాపూల్ దాటాక రైలు వేగం తగ్గుతుంది. ఇంకా తగ్గుతుంది. ఆగిపోతుంది. ఇక ముందుకు వెళ్లడానికి పట్టాలు లేవు. నాంపల్లిలో దిగడమంటే దారి చివర దిగడమే.

జులై నెల, ఆదివారం. రాత్రి కురిసిన వాన ప్లాట్‌ఫారం రేకుల అంచు నుంచి ఇంకా చినుకులుగా రాలుతోంది. ఆ ఉదయం రైలు దిగిన ఒక ప్రయాణికుడి చేతిలో బరువైన గుడ్డసంచి ఉంది. సాయంత్రం ఇదే గోదావరిలో తిరుగు ప్రయాణం. మధ్యలో ఉన్న ఒక్క పగలూ ఆటో ఎక్కకుండా నాంపల్లి, ఆబిడ్స్ వీధుల్లో నడవాలని ఆయన అనుకున్నాడు. ఉద్యోగం ముగిసింది. పిల్లలు దూరదేశాల్లో స్థిరపడ్డారు. ఇకమీదట పొద్దున లేచి ఎక్కడికి వెళ్లాలో తెలియని రోజులు మొదలయ్యాయి. అలాంటి మనిషికి కొండలకో సముద్రానికో వెళ్లమని చాలామంది సలహా చెబుతారు. ఆయన మాత్రం చదువుకునే రోజుల్లో తిరిగిన బజారుకు వచ్చాడు.

స్టేషన్ బోర్డు మీద ‘హైదరాబాద్ దక్కన్’ అని ఉంటుంది. ఊళ్లో ఎవరూ అలా అనరు. అందరికీ అది నాంపల్లి స్టేషనే. ఆ పేరు గోల్కొండ సుల్తానుల కాలపు ఉద్యోగి నేక్‌నామ్ ఖాన్ నుంచి వచ్చిందని ఎక్కువగా చెప్పుకుంటారు. నేక్‌నామ్ అంటే మంచి పేరున్నవాడు. నేక్‌నామ్‌పల్లి వాడుకలో అరిగి అరిగి నాంపల్లి అయింది. 1907 నాటి ఈ స్టేషన్‌కు ఇప్పుడు పొరుగున మెట్రో స్టేషన్ కూడా ఉంది. అమీర్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో 2018 సెప్టెంబరు 24న మొదలైంది. కింద రైళ్లు ఆగిపోయే చోట పైన రైళ్లు ఆగకుండా సాగిపోతుంటాయి.

స్టేషన్ బయట ఇరానీ హోటళ్లు అప్పటికే మేల్కొని ఉంటాయి. సాదా చాయ్, పాలు చిక్కగా పడిన పౌనా, పక్కన ఉస్మానియా బిస్కెట్లు. పొద్దుటి చాయ్‌ని ఇక్కడ ఒంటరిగా తాగేవాళ్లు తక్కువ. ‘వన్ బై టూ’ అని అరిచి, ఒక చాయ్‌ని రెండు కప్పుల్లో పంచుకునే అలవాటు ఈ ఊరిది. డబ్బు ఆదా కోసమే అయితే ఆ అలవాటు ఇన్నేళ్లు నిలిచేది కాదు. 2025 ప్రపంచ సంతోష నివేదికలో 147 దేశాలకు గాను భారతదేశం 118వ స్థానంలో నిలిచింది. ఆ ఏడాది నివేదిక ప్రత్యేకంగా పరిశీలించిన సంగతుల్లో ఒకటి, జనం ఎవరితో కలిసి తింటున్నారన్నది. నలుగురితో కలిసి తినేవాళ్లు తమ జీవితాన్ని ఎక్కువ సంతృప్తిగా చూసుకుంటున్నారని తేలింది. అమెరికాలో 2023లో నలుగురిలో ఒకరు, ముందురోజు భోజనాలన్నీ ఒంటరిగానే చేశామన్నారు. అంత సంపన్న దేశంలో! నాంపల్లి హోటల్లో మాత్రం మొహం తెలియని మనిషి ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చోవడానికి అనుమతి అడగడు. కూర్చున్నాక పేపర్లో సగం పేజీ ఇటు జరుపుతాడు. ప్రయాణికుడికి ఆ సగం పేజీ ఆ రోజు దొరికిన మొదటి పలకరింపు.

స్టేషన్‌కు కొద్ది దూరంలో యూసుఫైన్ దర్గా. యూసుఫ్ బాబా, షరీఫ్ బాబా అనే ఇద్దరు స్నేహితుల సమాధులు ఇక్కడ పక్కపక్కన ఉన్నాయి. ఇద్దరూ సిపాయిలు. 1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు మొఘల్ సేనలో ఉన్నారని కథ. ఒక రాత్రి గాలివానకు పాళెంలో డేరాలన్నీ ఎగిరిపోయాయట. ఒక్క డేరాలో మాత్రం దీపం రెపరెపలాడకుండా వెలుగుతోందట. లోపల ఈ ఇద్దరూ కూర్చుని ఖురాను చదువుకుంటున్నారట. కోటను గెలుచుకున్న చక్రవర్తి పేరు నాంపల్లిలో ఇవాళ ఎవరి నోటా వినపడదు. జీతానికి పనిచేసిన ఆ ఇద్దరు సిపాయిల దగ్గరికి గురువారం సాయంత్రమైతే హిందువులు, ముస్లిములు అన్న తేడా లేకుండా జనం వస్తారు. పూల చాదర్లు, అగరొత్తులు, ఖవ్వాలీ. యుద్ధం ముగిశాక సిపాయికి బతుకు ఏముంటుందని అడిగేవాళ్లకు ఈ సమాధులే జవాబు.

ఆదివారం పొద్దున అంత రద్దీ లేదు. గుమ్మం దగ్గర పూలమ్మే ఆమె గులాబీల మీద నీళ్లు చల్లుతోంది. ప్రయాణికుడు కాసేపు కూర్చుని, లేచి, మొజంజాహీ మార్కెట్ దిక్కుగా నడిచాడు.

దారిలో ఎగ్జిబిషన్ గ్రౌండ్స్. జులైలో ఈ మైదానాన్ని చూసినవారికి జనవరిలో ఇది ఎలా ఉంటుందో ఊహకు అందదు. తడిసిన నేల, మూసిన షట్టర్ల వరసలు, నీళ్లు నిలిచిన గుంతల్లో మబ్బులు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఇక్కడే రాక్షసచక్రం తిరుగుతుంది, పిల్లల రైలు కూత పెడుతుంది. కశ్మీరు శాలువలు, లక్నో చికన్ పనిబట్టలు, పింగాణీ జాడీలు, మిర్చి బజ్జీల పొగ, తప్పిపోయిన పిల్లల కోసం మైకులో ప్రకటనలు అన్నీ ఒక్కచోటే. పాత హైదరాబాదీలకు ఇది నుమాయిష్. తెలుగిళ్లలో ఎగ్జిబిషన్. తెలంగాణ పల్లెల్లో ఒకప్పుడు పట్నం పోయొచ్చామంటే చార్మినార్, జూపార్కుతోపాటు ఈ ఎగ్జిబిషన్ కూడా చూసొచ్చామనే అర్థం.

దీని పుట్టుక తెలుసుకుంటే ముచ్చటేస్తుంది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రుల సంఘం వాళ్లు హైదరాబాదు సంస్థానంలో ఆర్థిక సర్వే చేయాలనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. స్థానికంగా తయారయ్యే సరుకులతో ఒక ప్రదర్శన పెడితే నాలుగు రూపాయలు పోగవుతాయని ఆలోచించారు. రెండున్నర రూపాయల పెట్టుబడితో పబ్లిక్ గార్డెన్స్‌లో, అంటే అప్పటి బాగేఆమ్‌లో, పది రోజుల జాతర పెట్టారు. ‘నుమాయిష్ మస్నూఆతె ముల్కీ’ అని పేరు, అంటే దేశవాళీ సరుకుల ప్రదర్శన. 1946లో అది ఈ మైదానానికి మారింది. సంస్థానం కల్లోలంలో పడిన రోజుల్లో ఆగిపోయింది. విలీనం తర్వాత 1949లో మళ్లీ తలుపులు తెరిచినప్పుడు అప్పటి గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ప్రారంభించారు. రాజ్యం మారింది, జెండా మారింది, రూపాయి కూడా మారింది. నుమాయిష్ మాత్రం ‘అఖిల భారత పారిశ్రామిక ప్రదర్శన’ అనే కొత్త పేరు పెట్టుకుని తన పని తాను చేసుకుపోయింది.

ఆ పని ఒక్క వినోదం కాదు. టిక్కెట్ల మీద, దుకాణాల అద్దెల మీద వచ్చిన సొమ్ముతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతుంది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ మహిళా పాలిటెక్నిక్ ఈ ఆవరణలోనే ఉన్నాయి. జనవరిలో రాక్షసచక్రం ఎక్కి కేకలు పెట్టే జనానికి, తాము కొన్న టిక్కెట్టు ఆ పక్క భవనంలో ఒక ఆడపిల్ల చదువుకు పనికొస్తోందని తెలియకపోవచ్చు. తెలియకపోయినా పనికొస్తూనే ఉంది.

అదే 1938లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయం వాళ్లు మరో పని మొదలుపెట్టారు. 268 మంది విద్యార్థులను ఎంచుకుని, జీవితాంతం వాళ్ల వెంట నడిచి, మనిషి దేనివల్ల సుఖంగా, ఆరోగ్యంగా ఉంటాడో కనిపెట్టాలన్న అధ్యయనం అది. తర్వాత బోస్టన్ పేటల కుర్రాళ్లను, ఆపైన వాళ్ల భార్యాపిల్లలను కూడా చేర్చుకున్నారు. ఎనభై ఏళ్లు దాటినా సాగుతున్న ఆ పరిశోధనలో గట్టిగా తేలినది ఒకటే: డబ్బు కన్నా, పేరు కన్నా, దగ్గరి మనుషులతో చక్కటి సంబంధాలున్నవాళ్లే సుఖంగా, ఆరోగ్యంగా ఎక్కువ కాలం ఉంటున్నారు. ఆ ఏడాదే ఉస్మానియా పట్టభద్రులు ఊరంతటినీ ఒక తోటలోకి పిలిచారు.

నుమాయిష్‌కు కష్టాలు రాలేదని కాదు. 2019 జనవరి 30 రాత్రి మంటలు చెలరేగి దుకాణాలు బూడిదయ్యాయి. దూరాల నుంచి సరుకు మోసుకొచ్చిన వ్యాపారులు ఒక్క రాత్రిలో సమస్తం పోగొట్టుకున్నారు. కొద్దిరోజులకే ఆ ఏడాది ప్రదర్శన తిరిగి తెరుచుకుంది. కొవిడ్ వల్ల 2021లో అసలు జరగలేదు. ఇప్పుడు మళ్లీ యథాప్రకారం జరుగుతోంది.

ఈ మైదానానికి ఏటా జూన్‌లో ఇంకో రకం జనం వస్తారు. మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె ప్రవేశించిన రోజున, ఉబ్బసం రోగులు రాత్రి నుంచే బారులు తీరతారు. బత్తిని కుటుంబం కొర్రమీను పిల్ల నోట్లో పసుపు రంగు ముద్ద పెట్టి, దాన్ని బతికుండగానే రోగి గొంతులో వేస్తుంది. పాతబస్తీ దూద్‌బౌలిలోని ఇంట్లో 1845లో మొదలైందని ఆ కుటుంబం చెబుతుంది. ఎవరి దగ్గరా డబ్బు తీసుకోరు. ఈ మందు పనిచేస్తుందని వైద్యశాస్త్రం నిర్ధారించలేదు. ఆ మాట స్పష్టంగా చెప్పుకోవాలి, ఇన్‌హేలర్ పక్కన పడేసి దీన్ని నమ్ముకోవడం ప్రమాదం. అయినా ఆ బారులో నిలబడినవాళ్లను తక్కువచేసి మాట్లాడటానికి మనసొప్పదు. నాలుగడుగులు వేస్తే ఆయాసపడే బిడ్డను భుజాన వేసుకుని వేరే రాష్ట్రం నుంచి వచ్చిన తల్లికి సంతోషమంటే పెద్ద పెద్ద మాటలేం కావు. రాత్రి పిల్లాడు ఊపిరాడి నిద్రపోతే చాలు.

గాంధీభవన్ మెట్రో నీడలోంచి నడిస్తే మొజంజాహీ మార్కెట్. గడియార స్తంభం, రెండు రెక్కలు చాచినట్టు రాతి వరండాలు. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ 1935లో కట్టించి రెండో కొడుకు మొజంజా పేరు పెట్టాడు. ఒకప్పుడు ఊరందరికీ పండ్లు ఇక్కడి నుంచే. పండ్ల టోకు వ్యాపారం కొత్తపేటకు తరలిపోయాక మార్కెట్ దిగులుగా నల్లబడింది. మరమ్మతులు చేసి 2020 ఆగస్టులో తిరిగి తెరిచారు. మసి కడిగిన గ్రానైటు రాయి వాన వెలిసిన వెలుతురులో ఎంత బాగుందో! ఐస్‌క్రీం దుకాణాల ముందు ఇనప కుర్చీలు ఇంకా ఉన్నాయి. కాలాన్ని బట్టి సీతాఫలం, మామిడి, సపోటా. పండ్లు వెళ్లిపోయినా వాటి రుచి ఐస్‌క్రీంలో మిగిలింది.

ఈ మార్కెట్ ముందు నిలబడి మొజంజా పేరు చదివేవాళ్లు ఆయన భార్య పేరు కూడా గుర్తుచేసుకోవాలి. నీలోఫర్. ఆమె టర్కీ సుల్తానుల ఇంటి ఆడపడుచు, 1916లో ఇస్తాంబుల్‌లో పుట్టింది. 1924లో ఖలీఫా పదవి రద్దయినప్పుడు ఆ కుటుంబాన్ని దేశం నుంచి వెళ్లగొట్టారు. ఫ్రాన్సులో ప్రవాసపు బతుకు. 1931లో నీస్ నగరంలో పెళ్లి, అక్కణ్ణించి హైదరాబాదు. అందగత్తె అని ప్రపంచమంతా పొగిడింది, చీరకట్టులో ఆమె ఫోటోలు పత్రికలకెక్కాయి. పిల్లలు మాత్రం కలగలేదు. ఐరోపా వైద్యులకు చూపించుకున్నా ఫలితం లేకపోయింది. 1949లో ఆమెకు ఇష్టమైన పరిచారిక రఫతున్నీసా కాన్పులో చనిపోయింది. తల్లులకు, పసిపిల్లలకు ఊళ్లో సరైన ఆసుపత్రి లేకపోవడమే అందుకు కారణమని నీలోఫర్‌కు తోచింది. మామగారైన నిజామును అడిగింది. రెడ్‌హిల్స్‌లో, నాంపల్లి స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, 1953లో ఆసుపత్రి వెలిసింది. అప్పటికే, 1952లో, మొజంజాతో విడాకులు అయ్యాయి. ఆమె 1989లో పారిస్‌లో కన్నుమూసింది.

తనకు బిడ్డ లేని ఆ మనిషి పేరు ఇవాళ తెలంగాణలో ప్రతి జిల్లా తల్లికీ తెలుసు. “బిడ్డను నీలోఫర్‌కు తీస్కపోయినం” అనే మాట చెప్పని ఊరు లేదు. వాళ్లలో చాలామందికి అది ఒక స్త్రీ పేరని తెలియదు. అక్కడ వార్డుల్లో ఒక్కో మంచం మీద ఎంత ఒత్తిడి ఉంటుందో, వరండాల్లో తల్లులు ఎలా కునుకు తీస్తారో చూసినవారికి, ఆ ఆసుపత్రికి ఇంకా ఎంత చేయాల్సి ఉందో కూడా తెలుస్తుంది. భర్త పేరున్న మార్కెట్‌ను కోట్లు పెట్టి మెరిపించిన శ్రద్ధ, భార్య పేరున్న ఆసుపత్రి మీద రెండింతలు ఉండాలి.

మార్కెట్ మూలన కరాచీ బేకరీ. అదీ 1953 నాటిదే. దేశ విభజనలో సింధును వదిలి వచ్చిన ఖాన్‌చంద్ రమ్నానీ పెట్టిన దుకాణం అది. పోగొట్టుకున్న ఊరి పేరునే బోర్డు మీద రాయించుకున్నాడు. టూటీఫ్రూటీ ముక్కలు వేసిన ఆ ఫ్రూట్ బిస్కెట్ల డబ్బా లేకుండా హైదరాబాదు నుంచి అమెరికా విమానం ఎక్కే తెలుగువాడు ఇవాళ అరుదు. రెండు దేశాల మధ్య ఉద్రిక్తత పెరిగినప్పుడల్లా ఆ పేరు మార్చమని కొందరు గొడవ చేస్తుంటారు. ఆ పేరులో ఉన్నది శత్రుదేశం మీద ప్రేమ కాదు, కట్టుబట్టలతో వచ్చిన మనిషి జ్ఞాపకం. అది మార్చమనడం అన్యాయం.

ఇస్తాంబుల్‌లో దారి మూసుకుపోయిన ఒక స్త్రీ, సింధులో దారి మూసుకుపోయిన ఒక వ్యాపారి. ఇద్దరి గుర్తులూ స్టేషన్‌కు అటూ ఇటూ. ప్రయాణికుడు ఫ్రూట్ బిస్కెట్ల డబ్బా ఒకటి కొని సంచిలో సర్దుకున్నాడు. సంచిలో అప్పటికే చోటు తక్కువ.

పదిన్నర దాటింది. ఆబిడ్స్‌కు దారితీసే రోడ్డు మీద షట్టర్లన్నీ కిందికి దించి ఉన్నాయి. బట్టల కొట్లు, చెప్పుల కొట్లు, కళ్లజోళ్ల కొట్లు. పండగ రోజుల్లో కాలు పెట్టడానికి సందుండని పేవ్‌మెంట్ ఆదివారం పూట విశాలంగా కనిపిస్తుంది. ఆ విశాలమే పుస్తకాలవాళ్ల ఆస్తి. ఆరు రోజులు వేరేవాళ్ల వ్యాపారం నడిచే గుమ్మాల ముందు ఏడో రోజు వాళ్లు పట్టాలు పరుస్తారు. రైలు పట్టాలు కావు, నీలిరంగు ప్లాస్టిక్ పట్టాలు. వాటి మీద గుట్టలుగా పుస్తకాలు.

ఆబిడ్స్ అన్న పేరు కూడా ఒక దుకాణానిదే. ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియన్ ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర సొంత పరిచారకుడు. ప్రభువు బట్టలు, బూట్లు, గడియారాలు చూసుకోవడం అతని పని. మహబూబ్ అలీ ఒకసారి తొడిగిన బట్ట రెండోసారి తొడగడని ప్రతీతి. ఆయన వదిలేసిన వస్తువులు ఆబిద్ దుకాణంలో అమ్మకానికి వచ్చేవని ఊళ్లో చెప్పుకునే కథ. కథ ఎంతవరకు నిజమైనా, దుకాణం నిజం. అది ఎప్పుడో పోయింది. పేరు మిగిలి, పేట పేరైంది. ఒకరు వదిలేసింది ఇంకొకరికి అపురూపమవుతుందన్న లెక్క మీద మొదలైనదిగా చెప్పుకునే ఈ పేటకు పాత పుస్తకాల సంతకన్నా తగిన వారసత్వం లేదు.

జీపీఓ ముందు నెహ్రూ విగ్రహం దగ్గర నిలబడి చూస్తే పోయినవన్నీ ఒక్కటొక్కటే గుర్తొస్తాయి. ప్యాలెస్ టాకీస్ లేదు, జమ్రుద్ మహల్ లేదు, సాగర్ లేదు. మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు, ఎం.ఎఫ్. హుస్సేన్ లాంటి చిత్రకారులు గంటల తరబడి చాయ్‌ల మీద కబుర్లాడిన ఓరియంట్ హోటల్ లేదు. 1935 నాటి గ్రాండ్ హోటల్ మాత్రం ఉంది, బిర్యానీ వాసన మెట్ల దాకా వస్తుంది. ప్రయాణికుడు చదువుకునే రోజుల్లో ప్యాలెస్‌లో మార్నింగ్ షో చూసి, ఓరియంట్‌లో ఒక చాయ్‌తో రెండు గంటలు కూర్చునేవాడు. ఆ రెండూ లేని ఆబిడ్స్‌లో తనకేం మిగిలిందన్న బెంగతోనే అక్కడికి నడిచాడు. పుస్తకాలు కనిపించేసరికి కాళ్లు వాటంతటవే వంగాయి.

ఈ సంతకు ఒక పద్ధతి ఉంది. ముందు పోటీ పరీక్షల పుస్తకాలు: గ్రూప్స్, బ్యాంకు, రైల్వే. వాటి చుట్టూ ఇరవై, ఇరవై అయిదేళ్ల కుర్రాళ్లు. కిందటేడు పరీక్ష రాసినవాడు గీతలు గీసిన పుస్తకం ఈ ఏడు రాసేవాడి చేతికి వస్తుంది. తర్వాత ఇంజనీరింగ్, మెడిసిన్. తర్వాత ఇంగ్లిషు నవలలు, ధర అట్ట మీద రాసి ఉండదు, “ఏదైనా యాభై” అని ఒకరు, “మూడు వంద” అని ఇంకొకరు. కొంచెం లోపలికి వెళితే తెలుగు. యద్దనపూడి, యండమూరి, మధుబాబు. అట్టలు ఊడిన చందమామలు. 1947 జులైలో మద్రాసులో మొదలై మూడు తరాలను చదివించిన ఆ పత్రిక ఆగిపోయి పదేళ్లు దాటింది. ఇక్కడ మాత్రం విక్రమార్కుడు ఇప్పటికీ శవాన్ని భుజాన వేసుకుని నడుస్తూనే ఉన్నాడు.

అన్నిటికన్నా వింత సోవియట్ పుస్తకాలు. మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులో అచ్చేసి పంపినవి. ఉప్పల లక్ష్మణరావు, ఆర్వియార్‌గా పేరుపడిన రాళ్లబండి వెంకటేశ్వరరావు మాస్కోలో కూర్చుని అనువదించినవి. గట్టి అట్ట, మంచి కాగితం, నామమాత్రపు ధర. విశాలాంధ్ర దుకాణాల ద్వారా ఊరూరా చేరాయి. 1991లో సోవియట్ యూనియన్ అనే దేశమే లేకుండా పోయింది. ప్రచురణాలయాల తెలుగు విభాగాలు మూతపడ్డాయి. దేశం పోయినా ఆ దేశం తెలుగువాళ్ల కోసం కుట్టిన పుస్తకాలు ఆబిడ్స్ పేవ్‌మెంట్ మీద వాన చినుకులకు ముడుచుకుంటూ ఇంకా ఒకరి చేతి కోసం చూస్తున్నాయి. అలాంటి పుస్తకం ఒకటి ప్రయాణికుడి చేతికి వచ్చింది. మొదటి పేజీలో నీలి సిరాతో ‘ప్రేమతో’ అని ఒక సంతకం, 1984 అని సంవత్సరం. ఎవరు ఎవరికిచ్చారో తెలిసే దారి లేదు. నలభై ఏళ్ల కింద ఒకరిని సంతోషపెట్టిన వస్తువు కొత్త సంతోషానికి ఇంకా పనికొస్తుంది.

చినుకులు మొదలయ్యాయి. పేవ్‌మెంట్ పొడవునా ఒకేసారి పట్టాలు లేచాయి. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కలిసి మూలలు పట్టుకుని పుస్తకాల మీద కప్పారు. వాన అయిదు నిమిషాలే. పుస్తకాలవాళ్లకు వారంలో ఉన్నది ఈ ఒక్క రోజే, అందులో వాన పడితే ఆ వారం వాళ్ల పొయ్యి మీద దెబ్బ. వాన వెలిశాక ఒక పెద్దాయన తుండుతో ఒక్కో అట్ట తుడవడం చూస్తే, పుస్తకం మీద గౌరవమంటే ఏమిటో గ్రంథాలయాల్లో కన్నా ఇక్కడే బాగా తెలుస్తుంది.

అప్పుడు ప్రయాణికుడు పొద్దుటి నుంచి మోస్తున్న సంచిని కింద పెట్టాడు. బిస్కెట్ డబ్బా పైకి తీసి పక్కన పెట్టుకున్నాడు. అడుగున ఉన్నవి పుస్తకాలే. ఇల్లు ఖాళీ చేస్తూ ఏరి తెచ్చినవి, పిల్లలు అక్కర్లేదన్నవి, తాను మళ్లీ చదవనివి. “ఇవి తీసుకుంటావా బాబూ?” అంటే పుస్తకాలాయన కూర్చోబెట్టి ఒక్కొక్కటీ తిరగేశాడు. “ఇది పోతది సార్. ఇది కష్టం. ఇది మాత్రం నేనే చదువుకుంట.” ధర దగ్గర పెద్ద మాటలేం నడవలేదు. ప్రయాణికుడు ఆ డబ్బుకే నీలి సిరా సంతకం ఉన్న పుస్తకం తీసుకున్నాడు. లేచి చూసుకుంటే సంచి తేలికైంది. అంతకన్నా తేలికైనది ఇంకేదో కూడా ఉందని ఆయన మొహం చెప్పింది.

భోజనం తాజ్‌మహల్ హోటల్లో. ఆపైన తిలక్ రోడ్డు వైపు కాసేపు నడక. అటు వెళ్లకుండా ఆబిడ్స్ యాత్ర పూర్తికాదు. అక్కడి రెడ్డి హాస్టల్ 1918లో కొత్వాలు రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పూనికతో వెలిసింది. గోల్కొండ పత్రిక నడిపిన సురవరం ప్రతాపరెడ్డి దానికి బాధ్యుడిగా ఎందరినో చదివించారు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఎవరో అన్న మాటకు నొచ్చుకుని ఆయన వాదనకు దిగలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాసి 354 మంది కవుల పద్యాలు పోగుచేసి 1934లో ‘గోల్కొండ కవుల సంచిక’ అచ్చేశారు. ఆ దారిలోనే 1943లో పుట్టిన సారస్వత పరిషత్తు భవనం. ఉర్దూ రాజ్యంలో తెలుగు చదివించడానికి పుట్టిన సంస్థ అది. తెలుగు విశ్వవిద్యాలయానికి సురవరం పేరు పెట్టాలని శాసనసభ 2025 మార్చిలో నిర్ణయించింది.

ఇక ఈ పుస్తకాల సంత గురించి చెప్పాల్సిన మాట ఒకటుంది. దిల్లీలో దర్యాగంజ్ ఆదివారపు పుస్తకాల సంత దశాబ్దాలుగా రోడ్డు పక్కన నడిచేది. ట్రాఫిక్‌కు అడ్డమని 2019 జులైలో ఆపించారు. అమ్మకందార్లు పోరాడితే సెప్టెంబరులో మహిళా హాట్ ఆవరణలో చోటిచ్చారు. పారిస్‌లో సీన్ నది ఒడ్డున ఆకుపచ్చ పెట్టెల్లో పాత పుస్తకాలమ్మేవాళ్లను 2024 ఒలింపిక్స్ కోసం తాత్కాలికంగా తొలగించాలని ప్రభుత్వం అనుకుంది. వాళ్లు ఒప్పుకోలేదు, చివరికి అధ్యక్షుడే ఆ ఆలోచన విరమించాడు. రేపు ఆబిడ్స్‌కు అలాంటి రోజు వస్తే మనవాళ్లు అలా నిలబడతారా? వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణకు 2014 నాటి కేంద్ర చట్టం ఉంది. దాని కింద ఆదివారపు పుస్తకాల వాళ్లకు ఒక గుర్తింపు, వానకు ఒక నీడ, తాగడానికి నీళ్లు కల్పించడం నగరానికి పెద్ద ఖర్చు కాదు. గ్రానైటు మార్కెట్‌ను కాపాడుకున్నవాళ్లకు ఈ కాగితపు మార్కెట్ కూడా కాపాడుకోవలసిన వారసత్వమే.

నాలుగున్నరకు ప్రయాణికుడు స్టేషన్ రోడ్డు పట్టాడు. ఇస్కాన్ మందిరంలో భజన వినిపిస్తోంది. ప్లాట్‌ఫారం మీద గోదావరి నిలబడి ఉంది. పొద్దున ఏ చోట ఆగిపోయిందో ఆ చోటి నుంచే ఇప్పుడు వెనక్కి బయల్దేరుతుంది. ఇంజను మాత్రం ఈసారి ఆ కొసన. కిటికీ పక్క సీటు దొరికింది. ఎదుటి సీటులో గ్రూప్స్ పుస్తకం పట్టుకున్న ఒక కుర్రాడు. బిస్కెట్ డబ్బా మూత తెరుచుకుంది.

మీరు ఎప్పుడైనా ఆదివారం హైదరాబాదులో ఉంటే పదింటికల్లా ఆబిడ్స్ జీపీఓ దగ్గరికి రండి. మెట్రోలో నాంపల్లి దిగితే నడిచి రావచ్చు. బేరం కొంచెమే ఆడండి. ఇంట్లో ఎవరూ చదవని నాలుగు పుస్తకాలుంటే సంచిలో వేసుకురండి.